మెరింగ్ పౌడర్ కొంటున్నారా? డబ్బా మీద చుక్క ఏ రంగులో ఉందో చూడండి

విశాఖలో ఇంట్లో కుకీలు చేసి అమ్మేవారు, పిల్లల పుట్టినరోజులకు సరదాగా చేసుకునేవారు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ఒక చిన్న అమ్మకందారు దగ్గర 200 గ్రాముల మెరింగ్ పౌడర్ (కుకీల మీది చక్కెర పూత నురుగులా పొంగి గట్టిపడటానికి కలిపే, మామూలుగా గుడ్డు తెల్లసొనతో చేసే పొడి) 460 రూపాయలకు కొని, 40 కుకీలు పాడుచేసుకున్నాను.

మా అక్క కూతురి పుట్టినరోజుకు కుకీలతో తోట చేద్దామనుకున్నాను. బంతిపూలు, మట్టిలోంచి తొంగిచూసే క్యారెట్లు, తెల్లని నందివర్ధనం రేకుల మీద ఆరుద్ర పురుగులు. ఎప్పటిలాగే ఐసింగ్ షుగర్‌లో ఆ పొడి, గోరువెచ్చని నీళ్ళు కలిపి గిలక్కొట్టాను. పది నిమిషాలైనా నురుగు లేదు, గోడకు వేసే సున్నంలా ఉంది. అక్కడే ఆపవలసింది. మరికాస్త చక్కెర పోసి చిక్కబరిచాను, అది నా తప్పే. రాత్రి 9 గంటలకు నింపిన రేకులు తెల్లవారినా వేలికి అంటుకుంటున్నాయి. ఆరుద్ర పురుగుల ఎరుపు నందివర్ధనాల్లోకి పాకి, తోటలో ఏదో ఘోరం జరిగినట్టు కనిపించింది.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే, "మీది సముద్రం పక్క ఊరు కదండీ, తేమకు ఆరదు" అన్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. మేముండేది లాసన్స్ బే కాలనీలో, బియ్యపు గింజలు వేయనిదే మా డబ్బాలో ఉప్పు రాలదు. తేమకు రాయల్ ఐసింగ్ (ఈ చక్కెర పూత పేరు అదే) ఆలస్యంగా ఆరడం, ముదురు రంగులు పాకడం నిజమే. అందుకే పాత డబ్బాలో మిగిలిన రెండు చెంచాల పొడితో, అదే వంటింట్లో, అదే ఫ్యాను కింద, అదే రంగులతో నాలుగు కుకీలు వేశాను. ఉదయానికి గోటితో కొడితే టక్కుమన్నాయి.

కొత్త డబ్బాను అప్పుడు గాని సరిగా చూడలేదు. "ఎండబెట్టిన కోడిగుడ్డు తెల్లసొన" అని రాసి, పక్కనే శాకాహారపు ఆకుపచ్చ చుక్క! గుడ్డు ఉంటే ఉండవలసింది గోధుమరంగు త్రికోణం. గుడ్డు లేని రకాలూ దొరుకుతాయి, వాటికి ఆకుపచ్చ చుక్క సరైనదే. రెండూ ఒకే డబ్బా మీద ఎలా ఉంటాయి? ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు సంఖ్యకు 14 అంకెలుండాలి, దీనికి 12. తయారీదారు పేరు, తేదీ లేనే లేవు. లోపల ఉన్నదేమిటో తెలియదు కాబట్టి కుకీలన్నీ పారేశాను. గుడ్డు పడని పిల్లలున్న ఇంటికి ఇలాంటి డబ్బా చేరితే ఏమవుతుందో ఆలోచించండి.

పిండి కల్తీ ఉంటే నీలంగా మారుతుంది, అయోడిన్ చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు. అసలైన పొడిలోనూ కొన్ని కంపెనీలు మొక్కజొన్న పిండి కలుపుతాయి, దానితో ఏమీ తేలదు. చెంచా పొడికి రెండు చెంచాల నీళ్ళు పోసి గిలక్కొట్టండి. నురుగు పొంగి నిలబడకపోతే ఆ పొడిని చక్కెరలో కలపకండి. నేను ఈ పని ముందే చేసి ఉంటే ఒక రాత్రి నిద్రైనా మిగిలేది.

తెరిచిన డబ్బాను వెనక్కి తీసుకోబోమని చెప్పి అమ్మకందారు ఫోను ఎత్తడం మానేశారు. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాను, ఇంకా ఏమీ తేలలేదు. బిల్లు, డబ్బా, మిగిలిన పొడి ఒక కవరులో కట్టి అటక మీద పెట్టాను.