పినో దె షరాంత్: ద్రాక్షరసం అనుకుని గడగడా తాగేరు, జాగ్రత్త

ఫ్రాన్స్‌లో నేనుండే ఆంగులెమ్ ఊళ్లో ఎవరింటికి భోజనానికి పిలిచినా, కూర్చోగానే ముందు చేతిలో పెట్టేది పినో దె షరాంత్ అనే ఈ తియ్యటి మద్యమే. కోన్యాక్ ఊరు మాకు దగ్గరే, ఈ సరుకు కూడా ఆ తోటలదే. పేరు విని పినో నువార్ లాంటి ద్రాక్ష రకమేమో అనుకున్నాను కానీ దానికీ దీనికీ సంబంధం లేదు.

అప్పుడే పిండిన ద్రాక్షరసం పులిసేలోపే అదే తోటలో కాచిన ద్రాక్ష బ్రాందీ, అంటే కోన్యాక్‌ను అందులో కలిపేస్తారు, ఆ ఘాటుకి పులియడం ఆగిపోతుంది, ద్రాక్షలో ఉన్న తీపి ఉన్నట్టే మిగిలిపోతుంది. ఆ తర్వాత ఓక్ పీపాల్లో నిలవ. 1589లో ఒక రైతు ఖాళీ పీపా అనుకుని, అడుగున కోన్యాక్ ఉన్న దాంట్లో రసం పోసేసి, కొన్నేళ్లకి మూత తీసి చూస్తే ఇది తయారైందట. నమ్మినా నమ్మకపోయినా ఇక్కడ ఎవర్ని అడిగినా ఇదే కథ చెబుతారు.

నేను తెచ్చింది తెల్లది, సంతలో ఒక చిన్న రైతు దగ్గర 14 యూరోలకి. తెల్లది అంటారే గానీ రంగు పల్చటి తేనెలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు కిస్‌మిస్ వాసన, కాసేపాగితే అక్రోటు. నాలిక మీద తీపి, అది కాస్త ఎక్కువవుతుందే అనుకునేలోపు పులుపు వచ్చి సరిచేస్తుంది, మింగాక గొంతులో చిన్న వెచ్చదనం. ఆ వెచ్చదనం దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది, ఎందుకంటే ఇందులో ఆల్కహాల్ 17 శాతం, మామూలు వైన్ కన్నా ఎక్కువ.

మొదటిసారి నాకీ విషయం పట్టలేదు. ఇంటికొచ్చిన మా బ్యాచ్‌కి ఫ్రిజ్‌లో కూడా పెట్టకుండా నీళ్ల గ్లాసుల నిండా పోసి ఇచ్చాను, "ఏంట్రా ఇది, జ్యూసా?" అని వెక్కిరించినవాడే బిర్యానీ దించేలోపు సోఫాలో నిద్రపోయాడు. తప్పు నాదే. ఇది 8-10 డిగ్రీల చల్లదనంలో, మూతి కాస్త ముడుచుకున్న చిన్న గ్లాసులో, నాలుగైదు గుటకలకి సరిపడా పోసుకోవాల్సింది. ఐస్ మాత్రం వేయొద్దు, కరిగేకొద్దీ రుచి నీళ్లపాలవుతుంది.

పక్కన ఏం పెట్టాలంటే, ఈ ప్రాంతపు షరాంతే మెలన్, మన ఖర్బూజాకి చుట్టమే. సగానికి కోసి గింజలు తీసేసి ఆ గుంటలోనే పినో పోసుకుని చెంచాతో తింటారు. చూడ్డానికి బాగుంటుంది గానీ నాకు తీపి మీద తీపి అయిపోయింది, ముక్కలు విడిగా తింటూ తాగితేనే నచ్చింది. రోక్‌ఫోర్ చీజ్ వాసనకి ఇన్నాళ్లూ ఆమడదూరం ఉన్నవాణ్ణి, దీంతో మాత్రం లాగించేశాను, ఆ ఉప్పదనానికి ఈ తీపి అంత బాగా కుదిరింది. నేతిలో వేయించి ఉప్పు, మిరియాలు జల్లిన జీడిపప్పు కూడా సూపర్. మిర్చి బజ్జీ మాత్రం అట్టర్ ఫ్లాప్, మంటా ఘాటూ కలిసి గొంతు పట్టేసింది.

ఐదేళ్లు దాటి పీపాలో ఉన్నదాన్ని 'వియో' అని అమ్ముతారు, ఒక స్నేహితుడింట్లో రుచి చూశాను. అక్రోటు రుచి బాగా ముదురుతుంది, ధరా ముదురే. కొత్తవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. తెరిచిన సీసా బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు ఢోకా లేదు, మా ఇంట్లో అన్నాళ్లు మిగిలింది లేదనుకోండి. మొన్న శనివారం రెండోది తెచ్చాను, మళ్లీ ఆ 14 యూరోలదే.