బోదకాలు మాత్రలు: గుమ్మం దగ్గరా, బూత్‌లోనా? టౌన్లలో ఏది మేలు?

బోదకాలు రాకుండా ఏటా అందరికీ మాత్రలు పంచుతారు, ఒక్కోసారి పంచడాన్ని ఒక రౌండ్ అంటారు. అలా రెండు రౌండ్లు మా వార్డు ఆశా అక్కతో కలిసి తిరిగాను. పల్లెలో పొద్దున్నే వెళ్తే ఇంటిల్లిపాదీ దొరుకుతారు, ఆశా అంటే అందరికీ తెలిసిన మనిషి. టౌన్లో పదకొండింటికి తలుపు తడితే ఇంట్లో ఉండేది ఏ ముసలమ్మో. మిగతావాళ్ల మాత్రలన్నీ ఆవిడ చేతిలో పెట్టి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టి రావడమే.

అలా ఇచ్చిన మాత్రలు ఏమవుతాయో ఒక ఇంట్లో కళ్లారా చూశాను. ఫ్రిజ్ మీద పాత కరెంటు బిల్లు కింద పోయినేడాది డీఈసీ (బోదకాలు పురుగుని చంపే మందు) మాత్రలు అలాగే ఉన్నాయి, నలుగురివీ. లెక్కల్లో మాత్రం ఆ ఇల్లు పూర్తయినట్టే!

ఇది చిన్న విషయం కాదు. బోదకాలు తెచ్చే పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతుంది, రాత్రిపూట దాని పిల్లలు రక్తంలోకి వస్తాయి, మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి మోస్తుంది. కాలు వాచని మనిషిలో కూడా పురుగు ఉండొచ్చు. అందుకే జబ్బు ఉన్నా లేకపోయినా అందరూ వేసుకోవాలంటారు. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే ఆ రౌండ్ ఫలించినట్టు.

మరి బూత్ పెడితే? స్కూళ్లు, ఆఫీసులు, మార్కెట్లు, బస్టాండ్లలో జనం ఒకేచోట దొరుకుతారు, ఎదురుగానే మింగిస్తారు, వేలికి సిరా గుర్తు పెడతారు, ఇంక అనుమానం ఉండదు. స్కూలు పిల్లలకైతే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ పొద్దున ఆరున్నరకి లేబర్ అడ్డా దగ్గర నిలబడ్డప్పుడు ఒకాయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "ఇంకా ఏమీ తినలేదు తమ్ముడూ, ఇది వేసుకుని కళ్లు తిరిగితే ఇవాళ్టి కూలి ఎవరిస్తారు?" ఆయన భయంలో తప్పులేదు. పరగడుపున వేసుకోకూడదు, పైగా రక్తంలో పురుగు ఉన్నవాళ్లకి అది చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, తల తిరగడం రావొచ్చు. మందు పని చేస్తోందని దాని అర్థం, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది కూడా, కానీ రోజు కూలీకి ఆ ఒక్కరోజే పెద్ద టెన్షన్.

నా ఓటు సాయంత్రం ఇంటింటికీ వెళ్లడానికే. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆదివారమైతే ఇంకా మంచిది. అందరూ ఇంట్లో ఉంటారు, అన్నం తిని మింగేసి పడుకుంటే సగం ఇబ్బంది నిద్రలోనే పోతుంది. ఆశా అక్కలకి రాత్రిపూట తిరగడం కష్టమే, తోడు మనిషిని పంపాలి, అదనపు డబ్బులివ్వాలి, అది అడగకుండా ఈ పని వాళ్ల నెత్తిన వేయడం అన్యాయం. అపార్ట్‌మెంట్లలో అయితే అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడి, వాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టించి, కింద పార్కింగ్‌లో టేబుల్ వేసుకోవడమే దారి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తే ఎంత మంచి మందైనా లోపలికి వెళ్లదు. ఆ వాచ్‌మన్ కుటుంబాన్నీ, పక్కన కట్టే బిల్డింగులోని వలస కూలీలనీ మాత్రం మర్చిపోకండి, ఏ ఇంటి లిస్టులోనూ వాళ్ల పేర్లు ఉండవు.

ఒక్కో రౌండ్‌లో రెండు రకాల మందులివ్వాలా, మూడా అన్న ఇంకో ప్రశ్న కూడా ఉంది, దానికి నా జవాబు సూటిగానే ఉంది. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రమే ఇస్తే కనీసం ఐదేళ్లు ఏటా ఇవ్వాలి. వాటికి ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కలిపితే, జనం సరిగ్గా మింగితే, రెండు రౌండ్లలో పని అయ్యే వీలుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది, మన దేశంలో 2018 చివర్లో బీహార్‌లోని అర్వల్ జిల్లాతో మొదలుపెట్టారు. కిరాయి ఇళ్లు మారుతూ ఉండే టౌన్ జనాన్ని ఐదేళ్లు వరసగా పట్టుకోవడం జరిగే పని కాదు కాబట్టి మూడు మందులే మేలు. పైగా ఐవర్‌మెక్టిన్ ఎత్తును బట్టి ఇవ్వాలి, మనిషిని కొలకర్ర పక్కన నిలబెట్టాల్సిందే, ముసలమ్మ చేతిలో పెట్టి రావడం కుదరదు.

రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడ్డవాళ్లకీ ఏ మందూ ఇవ్వరు. ఐవర్‌మెక్టిన్ ఐదేళ్లలోపు పిల్లలకి ఇవ్వరు.

ఏ పద్ధతి పెట్టినా రిజిస్టర్‌లో "ఇచ్చాం" అని ఒక గడి, "ఎదురుగా మింగారు" అని ఇంకో గడి విడివిడిగా ఉండాలని మా మీటింగులో అడిగాను. వచ్చే రౌండ్‌లోనూ అదే అడుగుతాను, మీ వార్డులో మీరూ అడగండి.