నాలుగు సీజన్లు మావాడి తల మీదున్న హెల్మెట్

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. మా పెద్దాడు తొమ్మిదో తరగతిలో ఫుట్‌బాల్ ఆడతానన్నప్పుడు ఇంట్లో వారం రోజులు గొడవ. అమెరికన్ ఫుట్‌బాల్ మరి, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట. చివరికి "ఆడు, కానీ హెల్మెట్ నేనే చూసి కొంటాను" అన్నాను. అలా 2021 వేసవిలో రిడెల్ కంపెనీ స్పీడ్‌ఫ్లెక్స్ హెల్మెట్ ఇంటికొచ్చింది. వాడు లైన్‌బ్యాకర్, అంటే అవతలి జట్టువాళ్ళని గుద్ది ఆపే డిఫెన్స్ ఆటగాడు. 2024 నవంబరులో చివరి ఆట దాకా అదే పెట్టుకున్నాడు.

కొనేముందు రెండు చూశాను. ఒకటి, వెనకవైపు నాక్సీ (ఆటల హెల్మెట్లకి భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) ముద్ర. ఆ సంస్థ 1969లో పుట్టింది, పుర్రె పగిలే స్థాయి దెబ్బలకు హెల్మెట్ తట్టుకుంటుందా అన్నది దాని పరీక్ష. రెండోది, వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2011 నుంచి ఇస్తున్న స్టార్ రేటింగ్. స్పీడ్‌ఫ్లెక్స్‌కి అప్పుడు ఐదు స్టార్లు ఉన్నాయి. 2014లో వచ్చిన ఈ మోడల్‌కి నెత్తి ముందు భాగంలో యూ ఆకారంలో కోత ఉంటుంది. ఆ పలకను గట్టిగా నొక్కితే లోపలికి లొంగుతుంది. కొనేటప్పుడు, సియాటిల్‌లో మొదలైన వైసిస్ కంపెనీ హెల్మెట్ కూడా చేత్తో పట్టుకు చూశాను. దాని పై డిప్పే మెత్తగా వంగుతుంది, కింద చిన్న చిన్న స్తంభాల వరస ఉంటుంది. ఆలోచన నచ్చింది. కానీ మావాడి తలకి కుదురుగా కూర్చున్నది స్పీడ్‌ఫ్లెక్స్, అందుకే అదే తీసుకున్నాం.

కుదురుగా కూర్చోవడమే అన్నిటికన్నా ముఖ్యమని నాకు తెలిసొచ్చింది రెండో ఏడు. లోపలి మెత్తల్లోకి పంపుతో గాలి కొడతాం. సూదికి గ్లిజరిన్ రాయకపోతే వాల్వు చిరుగుతుంది. ఆగస్టులో నలభై డిగ్రీల ఎండలో బిగుతుగా కొట్టిన గాలి అక్టోబరు చలికి తగ్గుతుంది, కారు టైర్లకు జరిగినట్టే. ఆ సంగతి మాకు తట్టలేదు. పైగా వాడు జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చాడు. ఆ శుక్రవారం ఆటలో పక్కనుంచి దెబ్బ తగిలి పడ్డాడు. లేచాడు గానీ, ట్రైనర్ అడిగితే స్కోరు చెప్పలేకపోయాడు. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం.

టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది. కంకషన్ అనుమానం వస్తే వెంటనే ఆటలోంచి తీసేయాలి, డాక్టరు రాసిస్తేనే మళ్ళీ మెట్టు మెట్టుగా దింపాలి. మావాడికి మూడు వారాలు పట్టింది. చీకటి గదిలో పడుకుని "అమ్మా, లైటు వెయ్యకు" అన్న మాట నాకింకా వినిపిస్తుంటుంది. హెల్మెట్ బాగా బిగిసి ఉంటే ఇది జరిగేది కాదని నేననను. కుండ పగలకపోయినా లోపల తోడుకున్న పెరుగు చెదిరిపోవచ్చు, మెదడూ అంతే. ఏ హెల్మెట్టూ దాన్ని పూర్తిగా ఆపలేదు, ఆ హెచ్చరిక హెల్మెట్ మీదే అంటించి ఉంటుంది. కానీ వదులు హెల్మెట్‌తో పంపిన తప్పు మాది.

అప్పట్నుంచి ప్రతి గురువారం రాత్రి నేనే చూసేదాన్ని. అంచు కనుబొమలకి అంగుళం పైన ఉండాలి. ఫేస్‌మాస్క్ (ముఖం ముందుండే కడ్డీల చట్రం) పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం హెల్మెట్‌తోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే గాలి కొట్టాల్సిందే. దవడ మెత్తలు బుగ్గల్ని నొక్కుతూ ఉండాలి.

ఒకసారి చిన్‌స్ట్రాప్ (గడ్డం దగ్గర బిగించే పట్టీ) తెగితే ఆన్‌లైన్‌లో ఎవరో చవగ్గా అమ్ముతున్నది కొన్నాను. బకిల్ రెండో రోజుకే జారిపోయింది. విడిభాగాలు హెల్మెట్ కంపెనీవే కొనండి. ఫేస్‌మాస్క్ క్లిప్పులు నాకు బాగా నచ్చాయి. మెడకి దెబ్బ తగిలితే తల కదపకుండా, హెల్మెట్ తియ్యకుండా, మాస్క్ ఒక్కటే ఊడదీయొచ్చు.

మూడో సీజన్ నుంచి ప్రాక్టీసులో పైన గార్డియన్ క్యాప్ కూడా వేయించాం. మెత్తటి తొడుగు, 350 గ్రాములలోపే. ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2022లో శిక్షణ శిబిరాల్లో కొన్ని స్థానాలవాళ్ళకి దాన్ని తప్పనిసరి చేసింది, వాటిలో లైన్‌బ్యాకర్ ఒకటి. మొదట్లో "పుట్టగొడుగులా ఉంది" అని సిగ్గుపడ్డాడు, వారంలో అలవాటైపోయింది.

ఏటా చలికాలంలో రీకండిషనింగ్‌కి పంపేవాళ్ళం. మెత్తలన్నీ విప్పి కడిగి, డిప్పలో పగుళ్ళు చూసి, మళ్ళీ పరీక్షించి పంపుతారు. పదేళ్ళు దాటిన హెల్మెట్‌ని తీసుకోరు. ఆ లెక్కన మాదానికింకా ఆయుష్షుంది. చిన్నాడు "అన్నది నాకిస్తావా" అని అడుగుతున్నాడు. వాడి తల అన్న తల కన్నా రెండంగుళాలు చిన్నది. ఇవ్వను. జులైలో షాపుకి తీసుకెళ్ళి టేపు పెట్టించి, వాడి కొలతకే కొంటాను.