మాంగనీస్ గని దగ్గర నీటి పరీక్ష: నుయ్యా, బోరింగా, పీజోమీటరా?

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం వైపు నీళ్లలో మాంగనీస్ ఎక్కువ వచ్చిందని గని మీదకి తోసేయడానికి లేదు. అక్కడి రాతిలోనే మాంగనీస్ ఉంది. పైగా వరి మడిలో నీళ్లు నిలిచి మట్టికి గాలి ఆడకపోతే, ఆ మట్టిలోని మాంగనీస్ కూడా కరిగి కిందికి దిగుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హద్దు లీటరుకి 0.1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేనిచోట 0.3 వరకు ఒప్పుకుంటారు. ఇంత చిన్న అంకెలు కాబట్టి నమూనా ఎక్కడ, ఎలా పట్టారన్నదే అసలు సంగతి.

నుయ్యి చవక. డంపు (గని వ్యర్థాల గుట్ట) మీద పడి ఇంకిన వాన నీటి జాడ పైపొరలో తెలుస్తుంది కాబట్టి నుయ్యిని పూర్తిగా వదిలేయకూడదు. కానీ గాలి తగిలిన నీటిలో మాంగనీస్ నల్లటి మడ్డిగా మారి అడుగుకి చేరుతుంది. పైన ముంచితే తక్కువ, అడుగు కెలికితే ఎక్కువ. నిలవ నీరు తోడేసి పట్టుకుందామన్నా, 4 మీటర్ల వెడల్పు నూతిలో 3 మీటర్ల నీళ్లంటే దాదాపు 37,700 లీటర్లు! నీటిమట్టం కొలవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది.

బోరింగ్ నీళ్లు జనం తాగుతారు, కాబట్టి పరీక్ష తప్పనిసరి. అయితే తుప్పు పట్టిన జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు ఇనుము, జింకు అంకెల్ని పెంచేస్తాయి. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) కింద బోరంతా తెరిచే ఉంటుంది గనక ఏ పగులు నీరు ఎంత కలిసిందో చెప్పలేం. తాగొచ్చా అన్న ప్రశ్నకి ఇది జవాబిస్తుంది, ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదానికి ఇవ్వదు.

ఆ రెండో ప్రశ్నకి పీజోమీటరే కావాలి, అంటే ఒక్క లోతు నీటినే పరీక్షించడానికి వేసే సన్నటి బోరు. 4 అంగుళాల పీవీసీ పైపు, కావలసిన లోతులో మాత్రమే చీలికల పైపు, దాని చుట్టూ కడిగిన సన్న కంకర, పైన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే) మట్టి, ఆపైన సిమెంటు, తాళం వేసే మూత. బెంటొనైట్ సరిగ్గా కూరకపోతే పై వాన నీరు పైపు పక్క నుంచే జారి మొత్తం పాడు చేస్తుంది. మీటరుకి సుమారు 8 లీటర్ల చొప్పున 20 మీటర్ల నీటికి 160 లీటర్లు. దానికి మూడింతలు తోడి, పీహెచ్ (ఆమ్లత), ఈసీ (నీటి విద్యుత్ వాహకత) అంకెలు వరసగా మూడుసార్లు నిలకడగా వచ్చాకే నమూనా పట్టాలి. మధ్యలో ఎండిపోతే ఊరనిచ్చి 24 గంటల్లోపు పట్టుకోవాలి.

ఏ నీళ్లయినా కరిగిన మాంగనీస్ కోసమైతే అక్కడికక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టి, నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపుకి దించాలి. వడకట్టకుండా యాసిడ్ పోస్తే మట్టిలోని మాంగనీస్ కూడా కరిగి అంకె ఉబ్బుతుంది. యాసిడ్ పోయకపోతే సీసా గోడలకి అంటుకుని తగ్గుతుంది. రిపోర్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మా లెక్కలో గని ఎగువన ఒకటి, పల్లంలో రెండు పీజోమీటర్లు ఉండాలి. మూడూ ఒకే వరసలో ఉండకూడదు, ఉంటే నీరు ఎటు నడుస్తోందో తేలదు. లోతు, చీలికల పైపు మూడింటికీ ఒకేలా ఉండాలి. ఒక్కదానికే డబ్బుంటే అది మానేసి, గనికి ఎగువనా దిగువనా ఉన్న ఊళ్ల బోరింగుల్నే మేలో, నవంబరులో పరీక్ష చేయించడం మేలు. ఎగువ నీటితో పోల్చుకునే దారి లేకపోతే ఒంటరి పీజోమీటరు అంకె ఎందుకూ కొరగాదు.