ఇంటి నుంచి పని వెతికే సైట్లు: బరంపురం, రాయగడ వాళ్ళకి ఏవి పనికొస్తాయి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశాలోని ఈ ఊళ్ళలో ఇంటి నుంచి పని కావాలనుకున్నవాళ్ళు ముందు గూగుల్‌లో కొట్టేది "టైపింగ్ జాబ్స్" అని. తప్పు అక్కడే మొదలవుతుంది. స్కాన్ చేసిన కాగితాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, దానికి పేజీకి ఇంత అని మనిషికి ఎవరిస్తారు? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ, ఈ మూడూ ఒక్కరి దగ్గరే ఉండడం మాత్రం హైదరాబాదులో వెతికినా అరుదు. కింది మార్కులన్నీ ఆ లెక్కలో వేసినవే.

నేషనల్ కెరీర్ సర్వీస్ (10కి 6). కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన పోర్టల్. పైసా ఖర్చు లేదు, సందేహాలుంటే 1514. వెతికేటప్పుడు జిల్లా దగ్గర రాయగడ అనో గజపతి అనో పెడితే చేతికి పెద్దగా ఏమీ రాదు. ఇంటి పనికి కూడా కంపెనీలు తమ ఆఫీసున్న ఊరే రాస్తుంటాయి. ఊరు ఖాళీగా వదిలేసి, తెలుగు, ఒడియా అని భాష పేరుతో వెతకండి. ప్రైవేటు పోర్టళ్ళ ప్రకటనలు కూడా ఇందులోకి వస్తాయి కాబట్టి, సర్కారు సైటులో కనిపించినంత మాత్రాన సర్కారు హామీ ఇచ్చినట్టు కాదు.

అందుకే ప్రకటన ఇచ్చిన కంపెనీ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి కేంద్ర కంపెనీల వ్యవహారాల శాఖ సైటులో మాస్టర్ డేటా (రిజిస్టరైన కంపెనీల వివరాలు) తెరవాలి. ప్రతి కంపెనీకి అక్షరాలు, అంకెలు కలిపి 21 స్థానాల సీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. అందులో 7, 8 స్థానాలు రాష్ట్రం, 9 నుంచి 12 వరకు రిజిస్టరైన సంవత్సరం. "2009 నుంచి ఉన్నాం" అన్న కంపెనీ నంబరులో 2024 కనిపిస్తే ఇక మాట్లాడేదేముంది? అన్నీ సరిపోయినా మెయిల్ చూడండి. పెద్ద కంపెనీ నంబరు ఎత్తుకొచ్చి, జవాబు మాత్రం జీమెయిల్ నుంచి ఇచ్చేవాళ్ళు కొల్లలు.

అప్‌వర్క్ (10కి 7). దేశదేశాల క్లయింట్లు విడివిడి పనులు ఇచ్చే సైటు, ఓపిక ఉన్నవాళ్ళకే. దరఖాస్తుకు కనెక్ట్స్ అనే టోకెన్లు కావాలి, ఒక్కోటి 0.15 డాలరు. 12 కనెక్ట్స్ అడిగే పనికి 1.80 డాలర్లు, పని రాకపోయినా పోయినట్టే. కమీషన్ కాంట్రాక్టును బట్టి 0 నుంచి 15 శాతం. ఫిక్స్‌డ్ ధర పనిలో క్లయింటు మైల్‌స్టోన్ సొమ్ము (పనిలో ఆ విడతకు ఇవ్వాల్సింది) ముందుగా జమ చేసినట్టు కనిపించేదాకా ఒక్క వాక్యం కూడా అనువదించకండి. గంటల లెక్క పనిలో గంటలు లెక్కపెట్టే అప్‌వర్క్ డెస్క్‌టాప్ ట్రాకర్ నడిస్తేనే మీ డబ్బుకు రక్షణ. చేత్తో ఎక్కించిన గంటలకు అది వర్తించదు. "టెలిగ్రామ్‌కి రండి, అక్కడ మాట్లాడుకుందాం" అన్నవాణ్ణి అక్కడే వదిలేయండి.

ఇలాంటి సైట్లు మీరు మీరేనా అని చేసే గుర్తింపు పరీక్షలో మన వైపు వాళ్ళకి తరచూ తగిలే దెబ్బ పేరు. ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మార్చిన పేరు ఆధార్‌లో ఒక రకంగా, పాన్‌లో ఇంకో రకంగా, బ్యాంకులో మూడో రకంగా ఉంటుంది. ఖాతా తెరవకముందే మూడూ ఒకటి చేయించుకోండి. డబ్బు వచ్చాక ఆగిపోతే ఆ గొడవ వేరు.

ఫైవర్ (10కి 5). ఇదీ విడివిడి పనుల సైటే. సంపాదనలో 20 శాతం కోత. 20 డాలర్ల పనికి 16 మిగులుతాయి, కొత్తవాళ్ళకు అవీ 14 రోజులకు గానీ విడుదల కావు.

ప్రోజ్ (తెలుగు, ఒడియా రెండూ రాయగలిగితే 10కి 8). అనువాదకుల సైటు. ఇందులో బ్లూ బోర్డ్ అని ఉంది. ఏ ఏజెన్సీతో మళ్ళీ పని చేస్తారో అనువాదకులు 5కి మార్కులేస్తారు. పని ఒప్పుకునే ముందు అది చూడాలి. శాంపిల్‌గా 200, 300 మాటలు అడగడం మామూలే. 2,000 మాటలు అడిగితే అసలు పనినే శాంపిళ్ళుగా పదిమందికి పంచి ఊరికే చేయించుకుంటున్నాడన్నమాట. ఫైలు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా కనిపించే అక్షరాల్లో, ఇవ్వాలి. డీటీపీ షాపుల్లో అలవాటైన ఆకృతి, అను ఫాంట్లలో టైపు చేసి పంపితే అవతలివాళ్ళకి కనిపించేది పిచ్చి గీతలే. మాట్లాడడమే గానీ తెలుగు లిపి రాని ఒడియా మీడియం పిల్లలు గొంతు రికార్డింగు పనులు చూసుకోవచ్చు. ఫ్యాను ఆపి, తలుపేసి రికార్డు చేయాలి. వాట్సాప్ వాయిస్ నోట్‌గా పంపితే శబ్దం నాణ్యత పడిపోయి తిరస్కరిస్తారు. అన్నట్టు, కేంద్రం నడిపే అనువాద సాంకేతికత పథకం భాషిణిలోని భాషాదాన్‌కు గొంతు ఇవ్వొచ్చు, కానీ పేరులోనే ఉంది కదా, దానం. డబ్బు రాదు.

కస్టమర్ సపోర్టు ఉద్యోగాలకు మాత్రం వైరుతో వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఉండి తీరాలి. కరెంటు పోతే కాల్ తెగకుండా రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు అడాప్టరు మీద 12 వోల్టులా, 9 వోల్టులా చూడండి.

ఇక సున్నా మార్కుల సరుకు. "డేటా ఎంట్రీ, 5 రోజుల్లో 500 ఫారాలు, 95 శాతం కరెక్టుగా ఉండాలి" అని అగ్రిమెంటు మీద సంతకం పెట్టిస్తారు. ఫారాలు మసకగా ఉంటాయి. సున్నాకీ ఇంగ్లీషు 'O' అక్షరానికీ తేడా తెలియకుండా కావాలనే అలా చేస్తారు. ఆరో రోజు "క్వాలిటీ ఫెయిల్, 6,000 కట్టండి, లేకపోతే కేసు" అని లాయరు పేరుతో ఫోను. లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు, కట్టనక్కర్లేదు. కడితే మళ్ళీ అడుగుతారు. వీడియోలకు లైకు కొడితే 150 ఇచ్చి, తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని 1,000, 5,000 వేయమనేది ఇంకో రకం. "మీ ఖాతాలో డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి" అనేది మూడోది, అన్నిటికన్నా ప్రమాదం. అది వేరొకరి దగ్గర కొట్టేసిన సొమ్ము. ఖాతా స్తంభించిపోతుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఆంధ్రా సిమ్ అయినా, ఒడిశా బ్యాంకు అయినా నంబరు అదే. యూపీఐ రసీదులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు చేతిలో పెట్టుకుని చేయండి. ముందు అడిగే వివరాల్లో అదొకటి.