మంగోల్ ర్యాలీకి మోసుకెళ్లిన మడత మంచం

ఈ మంచం గురించి ఎవరు అడిగినా ముందు దాని ఎత్తు గురించే చెబుతాను. నేలకు మూరెడు పైన, బిగుతుగా సాగిన గుడ్డ మీద కాళ్లు బారజాపుకుని పడుకోవచ్చు. వీపుకి రాయి గుచ్చుకోదు, తడి తగలదు, చీమలు రావు. కొన్నది అందుకే. గొట్టాలు దేంతో చేశారు, ఎన్ని కిలోలు మోస్తుంది, సంచికి ఎన్ని జేబులున్నాయి అన్నవి అట్టపెట్టె మీదే అచ్చేసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కరోనాకి ముందు కొన్నాను. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకుతో కలిసి మంగోల్ ర్యాలీకి వెళ్తూ బెంగళూరు నుంచి విమానంలో తీసుకెళ్లాను. ఇప్పటికీ మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ వాడుతున్నాం.

ర్యాలీ అనగానే రేసు అనుకుంటారు. 2004లో మొదలైన ఈ ప్రయాణంలో పోటీ లేదు, ఫలానా దారిలోనే వెళ్లాలని లేదు, చెడిపోతే ఆదుకునే బండి వెనక రాదు. లీటరుకి మించని ఇంజన్ ఉన్న కారు ఏదో ఒకటి పట్టుకుని యూరప్ నుంచి సుమారు 16,000 కిలోమీటర్లు తోలుకుంటూ పోవాలి. పేరు మంగోల్ అయినా, మేం వెళ్లేనాటికి ముగింపు రష్యాలోని ఉలాన్ ఉదేకి మారింది. అప్పట్లో ఒక్కో జట్టు కనీసం వెయ్యి పౌండ్ల విరాళం పోగెయ్యాల్సి వచ్చేది, అందులో సగం వాన అడవుల్ని కాపాడే కూల్ ఎర్త్ సంస్థకి వెళ్లేది. చందాల పని చాలావరకు మా తమ్ముడే చూసుకున్నాడు. నేను అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే, "మీరు మంగోలియా తిరిగిరావడానికి మేమెందుకండీ డబ్బులివ్వాలి" అన్నారు.

మంచం చూడగానే వాడు నవ్వాడు. "కారే అగ్గిపెట్టెంత ఉంటే మంచం తెచ్చావేంటన్నయ్యా?" వాడు తెచ్చుకున్నది చుట్టేస్తే చంకలో ఇమిడే ఫోమ్ చాప. నాది డిక్కీలో స్పేర్ టైరు మీద అడ్డంగా పడుకుంటే తప్ప తలుపు పడేది కాదు. టర్కీ వరకు పెద్దగా వాడిందీ లేదు. హోటళ్లు చవగ్గానే దొరికాయి.

పోటీ లేదన్నాను కదా, మరి నిదానంగా ఆగుతూ, పడుకుంటూ పోవచ్చు కదా అంటే, వీసా తేదీలు ఊరుకోవు. వాడిది బ్రిటిష్ పాస్‌పోర్టు, కజకిస్తాన్‌లోకి వీసా లేకుండా వెళ్లిపోతాడు. మనకి అప్పట్లో ప్రతి చోటా తేదీలు కొట్టిన వీసా కావాలి. రెండు రోజులు ఎక్కడైనా ఆగామంటే వాడికది సెలవు, నాకు టెన్షన్. అందుకే ఆ ప్రయాణం మొత్తంలో నేను నిజంగా విశ్రాంతి తీసుకున్నది, విశ్రాంతి తప్ప చేయడానికి ఇంకేమీ లేని చోట.

అది అజర్‌బైజాన్‌లోని అలాత్ రేవు, బాకూకి దక్షిణంగా 70 కిలోమీటర్లు. కాస్పియన్ సముద్రం దాటి కజకిస్తాన్‌లోని అక్తావ్ వెళ్లే ఓడ అక్కడ ఎక్కాలి. దానికి టైంటేబుల్ ఉండదు, ఎందుకంటే అది సరుకుల ఓడ. ముందు రైలు వ్యాగన్లు, తర్వాత లారీలు, చోటు మిగిలితే మనలాంటి వాళ్ల కార్లు. నిండితే కదులుతుంది. నిండాక కూడా ఉత్తరం నుంచి ఖజ్రీ గాలి లేచిందంటే కదలదు. ర్యాలీకి వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, తెలిసే వస్తారు. ఓడ ఈ రాత్రి రావచ్చు, నాలుగు రోజులకీ రావచ్చు. రేవు వదిలి దూరం పోవడానికి లేదు.

చెట్టనేది లేని చదును నేల, కాంక్రీటు, కంటైనర్లు, వరసగా లారీలు. పగలు కాంక్రీటు కాలిపోతుంది. సాయంత్రం గాలి మొదలైతే ఇసుక నేలను అంటుకుని కొట్టుకొస్తుంది. ఈ ఇసుక దగ్గరే నా మంచం విలువ తెలిసింది. ఆ ఇసుకలో ఎక్కువ భాగం మోకాలి కిందనే పారుతుంది. మంచం మీద పడుకుంటే కింద నుంచి గరగరమని పోతూ వినపడుతుంది, ఒంటికి పెద్దగా తగలదు. తెల్లారి లేచేసరికి మా వాడి చెవుల్లో, కనుబొమ్మల్లో, పళ్ల మధ్య ఇసుక. నేను దుప్పటి దులుపుకుని లేచాను. మర్నాటి నుంచి వాడు కారు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు కానీ, ఆ సీటు పూర్తిగా వాలితేగా. మెడ పట్టేసింది. "కాసేపు నన్ను పడుకోనీ అన్నయ్యా" అని రెండో రోజే దారికొచ్చాడు.

పగలు నా పని ఒక్కటే. లారీ ట్రైలర్ నీడలో మంచం వేసుకోవడం, నీడ జరిగినప్పుడల్లా ఒంటిచేత్తో మంచం జరుపుకోవడం. వీసా తేదీ గుర్తొచ్చినప్పుడు గుండె ఝల్లుమనేది. అయినా కళ్లు మూతలు పడేవి. అన్ని రోజులు కాళ్లు ముడుచుకుని డ్రైవింగ్ చేసిన మనిషికి వెల్లకిలా, తిన్నగా పడుకోవడమంటే ఏమిటో అక్కడ తెలిసింది.

ఆ లారీల్లో చాలావరకు టర్కీవి. డ్రైవర్లకి ట్రైలర్ పక్కనే ఒక పెట్టె ఉంటుంది. మూత కిందికి దించితే అదే బల్ల, లోపల స్టవ్వు, టీ గ్లాసులు, టమాటాలు. మంచం పుణ్యమా అని వాళ్లతో పరిచయమైంది. వచ్చి గుడ్డ నొక్కి చూసేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు. ఒకాయన భారీ మనిషి. మధ్యలో కూర్చోకుండా తల వైపు అంచున కూర్చున్నాడు. టప్‌మని చప్పుడు. అంచు మడత కుట్టు జానెడు మేర విడిపోయి, గొట్టం బయటికొచ్చింది. ఆయన మొహం చూడాలి. నేను ఫర్వాలేదంటున్నా వినకుండా వెళ్లి, ఇంకో ముసలి డ్రైవర్ని వెంటబెట్టుకొచ్చాడు.

ఆ ముసలాయన దగ్గర లారీ టార్పాలిన్ కుట్టే వంకర సూది, దళసరి తెల్లదారం ఉన్నాయి. గుడ్డని పాత కుట్టు గుర్తుకంటే వేలెడు లోపలికి మడిచాడు. పాత రంధ్రాల్లోంచి కుడితే మళ్లీ అక్కడే చిరుగుతుందని సైగలతో చెప్పాడు. అరచేతికి తోలు ముక్క కట్టుకుని సూదిని దాంతో నెడుతూ, ఒక్కో కుట్టుని ఇంటూ గుర్తులా అడ్డంగా దాటించి బిగించాడు. చివర లైటర్‌తో దారం కొస కాల్చి, కరిగిన బొట్టుని గోటితో అదిమాడు. డబ్బులు తీసుకోలేదు. నా దగ్గరున్న మామిడి తాండ్ర ఇచ్చాను. అదేమిటో అర్థం కాక చాలాసేపు నమిలాడు.

ఆ తర్వాత కజకిస్తాన్ మైదానాల్లో ముళ్లపొదల మధ్య కూడా మంచం బాగానే ఆదుకుంది. ఉజ్బెకిస్తాన్‌లో దాని అవసరమే పడలేదు. అక్కడ ప్రతి ఇంటి పెరట్లో, ప్రతి టీ కొట్టు ముందు తప్చాన్ అని పెద్ద చెక్క మంచం ఉంటుంది. దాని మీదే కూర్చుని తింటారు, టీ తాగుతారు, ఎండపూట కునుకు తీస్తారు. బుఖారాలో మంచం డిక్కీలోంచి దించనే లేదు.

ఇంతదాకా చెప్పిన ఎత్తు గొప్పతనమంతా తజికిస్తాన్‌లోని పామీర్ కొండల దాకానే. ముర్గాబ్ దాటి, 4,655 మీటర్ల ఆక్‌బైతాల్ కనుమ మా లీటరు ఇంజన్ మూలుగుతూ ఎక్కి దిగాక కారకుల్ సరస్సు వస్తుంది. ఆ ఊరే దాదాపు 3,900 మీటర్ల ఎత్తులో ఉంది. హోమ్‌స్టే గదులు సైకిల్ యాత్రికులతో నిండిపోయి, మాకు ముందు వసారా దొరికింది. ఆగస్టు నెలే అయినా రాత్రి చలి ఎముకలు కొరికింది. మంచం మీద, మంచి స్లీపింగ్ బ్యాగులో నేను వణుకుతున్నాను. కింద ఫోమ్ చాప మీద మా వాడు గుర్రు పెడుతున్నాడు. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనమిచ్చేది అందులో కూరిన మెత్తటి ఈకలో, పీచో పట్టి ఉంచే గాలి. మన బరువుకి వీపు కింద అవి అణిగిపోతే ఆ గాలి పోతుంది. నేల మీదైతే కింద చాప కాపాడుతుంది. మంచానికి కింద మూరెడు ఖాళీ, అందులోంచి చల్లగాలి ఆగకుండా పోతూ వీపులోని వేడి లాగేస్తూ ఉంటుంది. ఇసుకని నా కిందనుంచి పంపించిన ఖాళీయే చలిని కూడా పంపించింది.

నా అలికిడికి ఇంటావిడ లేచొచ్చింది. నన్నూ మంచాన్నీ చూసింది. ఒక్క మాట మాట్లాడకుండా నన్ను లేపి, మంచం ఎత్తి గోడకి నిలబెట్టి, నేల మీద రెండు కుర్పచాలు పరిచింది. అవి మన బొంతల్లాగే దూదితో కుట్టిన పరుపులు. తెల్లవారేదాకా మెలకువ రాలేదు. కిర్గిజ్‌స్తాన్ దాటే వరకు మంచం మళ్లీ విప్పలేదు.

ఇక బెంగళూరు సంగతి. ఏప్రిల్‌లో డాబా మీదకి ఇంతకన్నా మంచిది లేదు. డిసెంబర్లో మాత్రం ఇక్కడి చలికి కూడా కింద ఒక ఫోమ్ షీటు వేసుకోవాల్సిందే. పామీర్ లెక్కే, కాస్త చిన్న మోతాదులో. దోమతెర కట్టడానికి కొయ్యలు లేవు. డాబా మీద బట్టల తీగకి వేలాడదీస్తున్నాం.

మొదట్లో బిగుతు అన్నాను, అది కొత్తలోని మాట. కొత్తలో తల వైపు అడ్డకడ్డీ పెట్టాలంటే ఒక కాలితో గొట్టాన్ని నెడుతూ రెండు చేతులతో లాగాలి, మణికట్టు నొప్పెట్టేది. ఇప్పుడు సులువుగా కూర్చుంటుంది, ఎందుకంటే గుడ్డ సాగింది. నడుము దగ్గర కొద్దిగా పల్లం పడింది. పక్కకి తిరిగితే ఒక కీలు కిర్రుమంటుంది. అర్ధరాత్రి ఆ చప్పుడుకి పక్క గదిలో పిల్లలు లేచిన రోజులున్నాయి.

పోయినేడాది కాళ్ల వైపు కంపెనీ కుట్టు కూడా విడిపోయింది. జేసీ రోడ్డులో కారు సీటు కవర్లు కుట్టే అతని దగ్గరికి పట్టుకెళ్లాను. హిందూపురం మనిషి. తిరగేసి చూసి, "ఈ పక్క తెల్లదారం ఎవరేశారన్నా?" అన్నాడు. చెప్పాను. "దీన్ని నేను ముట్టుకోను, రెండో పక్క కూడా ఇట్నే వేస్తా" అన్నాడు. మిషన్ మీద వేయకుండా చేత్తోనే వేశాడు, అలాగే ఇంటూ కుట్లు. సాయంత్రం వరకు కూర్చోబెట్టాడనుకోండి.

కొనమంటారా అంటే, నేను ఐదడుగుల ఏడంగుళాలు, కాబట్టి సరిపోయింది. ఇంకాస్త పొడుగైతే మడమలు కాళ్ల వైపు కడ్డీ మీదకి వస్తాయి. కారులో చోటుండి, వేడి ప్రాంతాలకే వెళ్లేవాళ్లు, నాలాగా నడుము సరిగా లేనివాళ్లు తీసుకోవచ్చు. లడఖ్ వైపు అయితే దీంతోపాటు మందపాటి చాప కూడా మోయాలి, అప్పుడు చాప ఒక్కటే చాలు కదా అనిపిస్తుంది. షాపులో చూసేటప్పుడు పడుకుని చూడకండి, పడుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. అంచు మడతలో కుట్టు ఎన్ని వరసలుందో చూడండి. ఒకే వరసైతే వదిలేయండి.

అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా మా మామగారు దీని మీదే పడుకుంటున్నారు. తనకీ ఒకటి కొనమంటున్నారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, దీని మీంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అందుకని ఇంకో జానెడు ఎత్తున్నది దొరుకుతుందేమోనని చూస్తున్నాను. మా తమ్ముడు మాత్రం ఇంకా ఆ ఫోమ్ చాపతోనే తిరుగుతున్నాడు. వాడికి ముప్పై కూడా దాటలేదు, నడుంనొప్పంటే ఏమిటో తెలియదు.