అచ్చంపేటా, కొల్లాపురమా?

నల్లమల చూడాలంటే మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే రెండు దారులు. అడవి కావాలంటే అచ్చంపేటలో దిగాలి. రంగాపురం దగ్గర కొండచరియ కింద ఒదిగిన ఉమామహేశ్వరం గుడి చూసుకుని, మన్ననూరు మీదుగా ఫర్హాబాద్ వ్యూపాయింట్‌కు పోవచ్చు. వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం జలపాతానికి మాత్రం వానలు పడ్డాకే వెళ్లండి, ఎండాకాలం ధార సన్నబడిపోతుంది. దిగేటప్పుడు మెట్లు హాయిగానే ఉంటాయి, ఎక్కేటప్పుడే మోకాళ్లు మాట్లాడతాయి! అడవి లోపలి శివక్షేత్రం సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి రోజుల్లోనే. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి అటవీ గేట్లు మూసేస్తారు, పొద్దుండగానే బయటపడితే టెన్షన్ ఉండదు.

కొల్లాపురం వైపు అడవి కంటే నీళ్లే ఎక్కువ. సోమశిల ఒడ్డున నిలబడితే ఎదురుగా కృష్ణ, అవతల ఆంధ్ర కొండలు. శ్రీశైలం డ్యామ్ ముంపు వల్ల ఇక్కడి పాత గుళ్లను పైకి తరలించి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిదీ అదే కథ. దారిలో సింగోటం చెరువు, నరసింహస్వామి. వేసవిలో వస్తే కొల్లాపురం మామిడి సంచి నింపుకోకుండా కదలలేరు.

అమ్మానాన్నలతో అయితే నా ఓటు కొల్లాపురానికే. కుర్రాళ్లయితే అచ్చంపేట బస్సెక్కండి.